తల్లి నడుపు ఇంటి బడి

(గృహ పాఠము)

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 6:4–9, 2 రాజులు 4:1–7, 2 తిమోతి 1:5, 3:14–15.



మన పల్లె సంఘములలో పిల్లల చదువు మాట వచ్చినప్పుడెల్ల అనేకమంది తల్లులు చెప్పు మాట ఒక్కటే: "అయ్యగారూ, నాకు అచ్చరమ్ముక్క రాదు. నానేటి సెప్తాను?" ఈ మాటలో వినయమున్నది గాని సత్యము సగమే యున్నది. 2011 జనాభా లెక్కలలో, ఆనాటి శ్రీకాకుళము జిల్లాలో ఏడేండ్లు నిండినవారిలో నూటికి 62 మందికి, విజయనగరము జిల్లాలో 59 మందికి మాత్రమే చదువను వ్రాయను వచ్చునని తేలినది. స్త్రీల లెక్క అంతకంటెను తక్కువ. ఇంటిలో నేర్పుట చదువుకొన్న తల్లుల పని మాత్రమే యైతే మన ఇండ్లలో ఎన్నో ఇండ్లకు ఆ భాగ్యము లేదనవలెను. లేఖనములు అట్లు చెప్పుట లేదు. తల్లి తన ఇంటిని ఏ కొలతతో నడుపునో అదే బిడ్డకు తొలి చదువని అవి మనకు చూపుచున్నవి.

1. తిమోతి పెరిగిన ఇల్లు

తిమోతి లుస్త్ర పట్టణపు వాడు. తల్లి విశ్వాసురాలైన యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు (అపొ. కార్యములు 16:1). పౌలు తిమోతికి వ్రాయుచు, అతని విశ్వాసము మొదట అవ్వయైన లోయిలోను, తరువాత తల్లియైన యునీకేలోను ఉండెనని జ్ఞాపకము చేయుచున్నాడు. బాల్యము నుండియే అతడు పరిశుద్ధ లేఖనములను ఎరిగియుండెను. ఎవరి యొద్ద నేర్చుకొంటివో మరువకుమని పౌలు హెచ్చరించుటను గమనించుడి. నేర్చిన సంగతితోపాటు నేర్పిన మనిషిని కూడ బిడ్డ జ్ఞాపకముంచుకొనును.

మన ప్రాంతములో తండ్రి చెన్నపట్టణమునకో హైదరాబాదునకో పనికి వలసపోగా, అవ్వయు తల్లియు పిల్లలను పెంచు ఇండ్లు ఎన్నో గలవు. అట్టి ఇల్లు కొరతపడిన ఇల్లని లోకులు అనవచ్చును. ఇద్దరు స్త్రీల చేతిలో పెరిగిన తిమోతిని ప్రభువు తన సంఘమునకు కాపరిగా వాడుకొనెను.

2. ఎప్పుడు, ఎచ్చట నేర్పవలెను?

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో మోషే నాలుగు వేళలు చెప్పుచున్నాడు: ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. ఇవి బల్లలు, కుర్చీలు కోరని వేళలు. పలాసలో జీడిపిక్కల పనికి పోవు తల్లికైనను, నాట్ల కాలమున తెల్లవారకమునుపే పొలమునకు దిగు తల్లికైనను ఈ నాలుగు వేళలు ఉన్నవి.

2020 మార్చిలో కరోనా వ్యాధి వలన బడులు మూయబడినప్పుడు ఈ సంగతి అందరికిని తెలిసివచ్చెను. సెల్‌ఫోను పాఠములు అందని ఇండ్లలో నెలల తరబడి తల్లి తప్ప వేరే బడి లేకపోయెను.

అక్షరము రాని తల్లి ఏమి నేర్పగలదు? వంటకు బియ్యము కొలుచునప్పుడు బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుము. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచము. కుంచమునకు ఎన్ని సోలలో బిడ్డనే లెక్కపెట్టమనుము. పదహారు అని వాడు చెప్పిననాడు ఎక్కము నోటికి వచ్చుటయే గాక, అది ఎందుకు వచ్చెనో కూడ తెలిసినట్లే. తరువాత అదే బియ్యమును కిలోలలో తూచి చూపుము. సంతకు తీసికొనిపోయి ఇరువది రూపాయలిచ్చి, ఉల్లిపాయలకు ఎంత, మిగిలినదెంత అని అడుగుము. తప్పు చెప్పినయెడల కసురక మరల లెక్కపెట్టనిమ్ము. రాత్రి బిడ్డ బడి పుస్తకమును బిగ్గరగా చదువుచుండగా నీవు చోళ్లు చెరుగుచు వినుము. వినువారున్నారని తెలిసిన బిడ్డ తడబడిన చోట ఆగి మరల చదువును.

3. అప్పులలో చదువు చెప్పిన ఒక తల్లి

మెథడిస్టు సంఘములకు మూలపురుషుడైన జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీ. ఈమె 1669లో లండనులో పుట్టి, ఎప్‌వర్తు అను ఊరి పాదిరి భార్యయై 19 మంది పిల్లలను కనెను. వారిలో తొమ్మండుగురు పసితనములోనే పోయిరి. 1705లో భర్త అప్పు తీర్చలేక చెరసాలలో ఉండెను. 1709లో ఇల్లు కాలిపోగా అయిదేండ్ల జానును కిటికీ గుండ దించి రక్షించిరి. భర్త చెరలోనున్న దినములలో ఒక ప్రధాన బిషపు ఆమెను, నీకు ఎప్పుడైనను రొట్టె కొరతపడినదా అని అడిగెను. రొట్టె ఎన్నడును లేకపోలేదు గాని, దానిని సంపాదించుటకును దాని వెల తీర్చుటకును పడు చింత వలన అది చేదైపోయెనని ఆమె తెలిపెను.

అట్టి ఇంటిలోనే ఆమె దినమునకు ఆరు గంటలు బడి నడిపెను. బిడ్డకు అయిదేండ్లు నిండిన మరునాడు అక్షరములు ప్రారంభించెడిది. అక్షరములు రాగానే ఆదికాండము మొదటి వచనముతో చదువు మొదలు. వారములో ఒక్కొక్క సాయంకాలము ఒక్కొక్క బిడ్డతో ఒంటరిగా మాటలాడుట ఆమె వాడుక. 1732లో జానుకు వ్రాసిన ఉత్తరములో తన పద్ధతులన్నిటిని వివరించెను. వాటిలో ఒకటి మనము గట్టిగా పట్టుకొనవలెను: ఆడపిల్ల బాగుగా చదువ నేర్చుకొనువరకు ఆమెకు కుట్టుపని మొదలైన పనులు నేర్పరాదు. సుమారు 300 ఏండ్ల క్రిందట, బీద ఇంటిలో, ఒక తల్లి పెట్టిన నియమమిది.

4. నూనె కుండ యొద్ద పాఠము

2 రాజులు 4వ అధ్యాయములో ప్రవక్తల శిష్యులలో ఒకని విధవ అప్పులలో చిక్కెను. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా కొనిపోవుటకు వచ్చెను. ఎలీషా ఆమె లేమిని గూర్చి గాక, ఇంటిలో ఏమున్నదని అడిగెను. నూనె కుండ ఒక్కటే యుండెను. ఇరుగుపొరుగు వారి పాత్రలు తెచ్చి, తలుపు వేసికొని, కుమారులు పాత్రలు అందించుచుండగా ఆమె పోసెను. తరువాత నూనె అమ్మి, మొదట అప్పు తీర్చి, మిగిలినదానితో తానును కుమారులును బ్రదికిరి.

ఆ కుమారులు తమ ఇంటి అప్పును కన్నులార చూచిరి. అది తీరుటలో వారి చేతులును పనిచేసెను. మనమైతే పెండ్లికిని పేరంటమునకును అప్పు తెచ్చి పిల్లలకు తెలియకుండ దాచుచున్నాము. పెద్దవారైన తరువాత వారికి తెలియునది అప్పు మాత్రమే. పదేండ్లు నిండిన బిడ్డకు ఈ లెక్క చూపుడి: నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తెచ్చితిమి. నెలకు వడ్డీ 300, ఏడాదికి 3,600, మూడేండ్లకు 10,800. అసలు అట్లే యున్నది. వడ్డీయే దానిని మించినది. ఈ లెక్క తనంతట తానే చేసిన బిడ్డ, గొప్పకొరకు అప్పు చేయుటకు వెనుదీయును.

ఇట్టి చదువు ఊరినే మార్చగలదని మన తెలుగు దేశములో కన్నులార చూచితిమి. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమము జరుగగా, దూబగుంట మొదలైన ఊళ్ల స్త్రీలు తమ వాచకములో సీతమ్మ కథ అను పాఠము చదివిరి. అది సారా వలన చెడిన సంసారముల సంగతి. తమ ఇంటి కథయే. వారు సారా దుకాణములకు ఎదురు నిలిచిరి. ఉద్యమము జిల్లాలు దాటెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. ఆ జిల్లా స్త్రీలే తరువాత రోజుకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టు పొదుపు సంఘములు పెట్టుకొనిరి.

5. పొదుపునకు హద్దు

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పొదుపు మంచిదే. అయిదువేల మంది తిని తృప్తిపొందిన తరువాత కూడ ప్రభువు మిగిలిన ముక్కలను పోగుచేయించెను (యోహాను 6:12). అయితే మన ఇండ్లలో పొదుపు మొదట ఎవరి మీద పడుచున్నది? చేతిలో పైకము తక్కువైనప్పుడు కుమారుని బడి సాగును, కుమార్తె బడి ఆగును. చిన్నతమ్ముని చూచుకొనుటకు, వంటకు, కూలికి ఆమె కావలెనందురు. అన్నము తక్కువైనప్పుడు తల్లి అందరికి వడ్డించి గంజి త్రాగి పండుకొనును. దానిని ఓర్పని అందరు మెచ్చుకొందురు.

ఇది పొదుపు కాదు, సహోదరులారా. ఒకరి పాలు తీసి మరియొకరికి పెట్టుట. బిడ్డ పుస్తకము అమ్మి బియ్యము కొన్నయెడల ఆ బియ్యము వారములో అయిపోవును, ఆ చదువు మరల రాదు. రక్తము తక్కువై తల్లి మంచమెక్కినయెడల వైద్యమునకగు వెచ్చము, ఆమె మానుకొన్న అన్నము వెలకంటె ఎన్నో రెట్లు. సామెతలు 31వ అధ్యాయములో చెప్పబడిన గుణవతియైన స్త్రీని అందరును ఎరుగుదురు. ఆ అధ్యాయము లెమూయేలు రాజునకు అతని తల్లి నేర్పిన పాఠమని మొదటి వచనమే చెప్పుచున్నది. ఆ పాఠములోని స్త్రీ తన ఇంటివారందరికి ఆహారము సిద్ధపరచును, దీనులకు చెయ్యి చాపును. ఎవరి నోటినో కట్టివేసి కూడబెట్టిన ఇల్లు కాదది.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న చట్టము ప్రకారము 6 మొదలు 14 ఏండ్ల వరకు ప్రతి బిడ్డకును ఉచితముగా చదువుకొను హక్కు గలదు. ఇంటి బడి ఆ బడికి తోడు. దానికి బదులు కాదు. నడుమ మానివేసిన అమ్మాయి సార్వత్రిక పాఠశాల ద్వారా పదవ తరగతి పరీక్షకు కూర్చుండవచ్చును.

6. ఈ మాసము ఇంటిలో చేయవలసినవి

ఒక చిన్న కుండ ప్రత్యేకించుడి. అన్నము వండు ప్రతి పూట ఒక పిడికెడు బియ్యము అందులో వేయుడి. 1910లో మిజో కొండల సంఘములలో స్త్రీలు ప్రారంభించిన ఈ వాడుక నేటికిని ఆ సంఘములకు ముఖ్యమైన ఆధారము. పిడికిలి 30 గ్రాములనుకొన్నను, రెండు పూటలకు నెలకు 1,800 గ్రాములు, ఏడాదికి దాదాపు 22 కిలోలు. ఈ లెక్కను బిడ్డచేతనే గోడమీద సుద్దతో వ్రాయించుడి. అందులో కొంత దేవుని పనికి, కొంత పొరుగున పస్తున్న ఇంటికి ఇయ్యుడి.

ఇంటి ఖర్చుకు ఒక నోటుబుక్కు పెట్టి, చదువు వచ్చిన బిడ్డచేత రాత్రి వ్రాయించుడి. ఇంటిలో నున్న తండ్రులు వారములో ఒక సాయంకాలము తామే పిల్లలను కూర్చుండబెట్టుకొని, తల్లికి ఆ పూట విశ్రాంతి ఇయ్యవలెను. వలస పోయినవారు ఫోనులో డబ్బు మాటతోపాటు బిడ్డ చదువు మాటయు అడుగవలెను.

చర్చకు ప్రశ్నలు

1. మన ఇంటిలో పైకము తక్కువైనప్పుడు మొదట ఆగునది ఏమి? అది ఎవరిది?
2. ఎలీషా అడిగినట్లు మన ఇంటిలో ఏమున్నదని అడిగిన యెడల ఏమి చెప్పుదుము?
3. మన సంఘములో బడి మానిన పిల్లలెవరు? ఈ వారము వారి ఇంటికి ఎవరు వెళ్లుదురు?

ప్రార్థన: తండ్రీ, మా తల్లుల చేతులను బలపరచుము. వారి కొలత న్యాయమైనదిగాను, వారి మాట బిడ్డల హృదయములలో నిలుచునదిగాను చేయుము. మా కుమార్తెల పలకలను మా చేతులతో మేమే లాగివేయకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.