కుళ్ళిన ఎలుక ఎవరి దగ్గరుంది? జువాంగ్‌జీ చెప్పిన ఒక కథ

ఈసారి కథ మన పురాణాల్లోది కాదు, చైనా తావో సంప్రదాయంలోది.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో జువాంగ్‌జీ అనే జ్ఞాని ఉండేవాడు. ఆయన స్నేహితుడు హుయి షీ లియాంగ్ రాజ్యంలో మంత్రి. స్నేహితుణ్ణి చూడ్డానికి జువాంగ్‌జీ బయల్దేరితే, "నీ పదవికే ఎసరు పెడుతున్నాడు" అని ఎవరో హుయి షీకి ఎక్కించారు. ఆయన భయపడిపోయి మూడు పగళ్ళు, మూడు రాత్రులు రాజ్యమంతా వెతికించాడట!

జువాంగ్‌జీ తనే ఎదురుగా వెళ్ళి ఒక పక్షి గురించి చెప్పాడు. దక్షిణ సముద్రం నుంచి ఉత్తర సముద్రం దాకా ఎగిరే పక్షి అది. దారిలో ఏ చెట్టు మీద పడితే ఆ చెట్టు మీద వాలదు, తియ్యటి ఊట నీళ్ళు తప్ప తాగదు. కింద ఒక గుడ్లగూబకి కుళ్ళిన ఎలుక దొరికింది. పైన ఎగిరే పక్షిని చూసి, ఎక్కడ లాక్కుపోతుందోనని అరిచిందట. నీ మంత్రి పదవి కోసం నువ్వూ అలాగే అరుస్తున్నావా అని అడిగాడు.

మొదటిసారి చదివినప్పుడు ఆ పక్షిని నేనే అనుకున్నాను (అందరం అలాగే అనుకుంటాం కదా). కానీ ఆ వారమే టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి నా మాడ్యూల్ గురించి డౌట్స్ అడిగితే, కావాలనే సగం చెప్పి వదిలేశాను. ఎక్కడ నన్ను దాటిపోతాడో అని. అంటే ఎలుక నా దగ్గరే ఉంది.

'తావో తే చింగ్'లో 'తే' అంటే సద్గుణం అని చెప్పుకోవచ్చు. అందులో 8వ అధ్యాయం నీటి గురించి. నీరు అందరికీ మేలు చేస్తుంది, ఎవరితోనూ పోటీ పడదు, ఎవరికీ నచ్చని పల్లానికే చేరుతుంది. ఇది మన నిష్కామకర్మే కదా అనిపిస్తుంది గానీ, నా ఉద్దేశంలో రెండూ ఒకటి కావు. గీతలో కృష్ణుడు అర్జునుణ్ణి యుద్ధం చెయ్యమంటాడు. ఇక్కడ పోటీనే వదిలెయ్యమంటున్నారు. ప్రమోషన్ల సీజన్‌లో ఇది చాలా కష్టం.

ఇంకో సంగతి. హుయి షీ చనిపోయాక ఒకసారి జువాంగ్‌జీ ఆయన సమాధి పక్కనుంచి వెళ్తూ, ఇక నాకు మాట్లాడ్డానికి ఎవరూ లేరని బాధపడ్డాడు. తనని దొంగలా వెతికించిన మనిషి గురించే ఆ మాట! గుడ్లగూబ అన్నాడే గానీ, స్నేహం మాత్రం తెంచుకోలేదు.

సోమవారం ఆ అబ్బాయిని కూర్చోబెట్టి మిగతా సగం కూడా చెప్పాను. రెండు గంటలు పట్టింది. మధ్యలో అతనే నా కోడ్‌లో ఒక బగ్ చూపించాడు.