రెండు రేవుల వంటిల్లు

చిరంజీవి మనవరాలికి,

రంగం మామ్మ చేసే బర్మా వంట ఖౌస్వే ఎలా చెయ్యాలో రాసి పంపమన్నావు. తప్పకుండా రాస్తాను. అయితే నువ్వు చరిత్ర చదువుతున్నదానివి. కొలతలు మాత్రమే పుచ్చుకుంటే ఆవిడ తొంభై నాలుగేళ్ళ బతుకులో నీకు దక్కేది తక్కువ. అందుకని ఉత్తరం కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు వంట. ఉల్లి, అల్లం, వెల్లుల్లి, పసుపు, కారంతో కోడికూర కాస్త పల్చగా వండుకో. సెనగపిండి దోరగా వేయించి, చల్లారాక నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి ఆ కూరలో పొయ్యి. చిక్కబడ్డాక మంట తగ్గించి కొబ్బరిపాలు పొయ్యాలి. ఆ తర్వాత తెర్లనిస్తే పాలు విరిగిపోతాయి. మామ్మ అప్పుడు గరిటె వదిలి పక్కకి కదిలేది కాదు, ఎవరు పిలిచినా పలికేది కాదు. విడిగా ఉడికించిన నూడుల్స్ గిన్నెలో వేసి, మీద ఈ పులుసు పోసి, ఉడికిన గుడ్డు ముక్కలు, కరకరలాడే వేపుడు ఉల్లిపాయలు, దంచిన ఎండుమిర్చి జల్లి నిమ్మకాయ పిండాలి. నిమ్మకాయ మరిచిపోతే తిన్నట్టే ఉండదు.

ఇక మామ్మ చేసే ఇంకో బర్మా వంట మొహింగా సంగతి వేరు. అది చేపల పులుసు. అందులో అరటి దూట, నిమ్మగడ్డి పడతాయి. రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో, ఇరావతి ఏటి చేపతో చేసేవారట. ఇక్కడ మామ్మ రేవులో దొరికే జెల్లతో చేసేది. బర్మావాళ్ళ ఊరవేసిన చేపముద్ద 'ఙాపి' దొరక్క ఎండురొయ్యలు వేయించి దంచి వేసేది. బియ్యపు నూడుల్స్ అప్పట్లో మన బజారులో లేవు. బియ్యప్పిండి ముద్దని జంతికల గొట్టంలో పెట్టి ఒత్తి ఆవిరి మీద ఉడికించేది. ఈ మార్పులన్నీ రాసుకో. ఆవిడ ఆచారాన్ని నిలబెట్టగలిగింది వీటివల్లేనని నా నమ్మకం. సరుకు దొరకలేదని మానేసినవాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు ఆ వంట పేరు కూడా వినపడదు.

మామ్మ కుటుంబం రంగం ఎందుకు వెళ్ళిందో నీకు తెలియాలి. విశాఖ ఓడరేవు 1933లో తెరిచారు. అంతకు ముందే మన తీరం నుంచి ఓడలు రంగం వెళ్ళేవి. ఓడ సముద్రంలో ఆగితే జనాన్ని పడవల మీద తీసుకెళ్ళి ఎక్కించేవారు. కరువూ అప్పులూ తరిమితే వెళ్ళినవాళ్ళు అక్కడ రేవులో మూటలు మోశారు, ధాన్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్ళని మళ్ళీ తీసుకున్నాక గొడవలు రేగి ఎందరో చనిపోయారు. అప్పటికి మామ్మ పసిపిల్ల. 1941 డిసెంబరులో రంగం మీద జపాన్ బాంబులు పడ్డాక, అక్కడే ఉన్న మా నాన్న అరకాన్ కొండల మీదుగా నడిచి వచ్చాడు. ఆ దారుల్లో వేలమంది ఆకలికి, రోగానికి పోయారు. మామ్మ మాత్రం పెద్దవాళ్ళతో అక్కడే ఉండిపోయింది.

1962లో జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకున్నాడు. 1964లో దుకాణాలు జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేశారు. లక్షకు పైగా భారతీయులు ఆ ఏళ్ళలో కట్టుబట్టలతో తిరిగొచ్చారు. డబ్బూ నగలూ తెచ్చుకోనివ్వలేదు. మామ్మ మూటలో ఒక సానరాయి మాత్రం వచ్చింది. బర్మాలో 'తనఖా' అనే చెట్టు చెక్కని అరగదీసి ఆ గంధం బుగ్గలకి రాసుకుంటారు, అందుకు వాడే రాయి అది. తెచ్చుకున్న చెక్క అయిపోయాక అదే రాయి మీద మంచిగంధం తీసింది. విశాఖలో కంచరపాలెం దగ్గర, తిరిగొచ్చినవాళ్ళు స్థిరపడ్డ బర్మా క్యాంపులో మామ్మ వాళ్ళు కాపురం పెట్టారు. మగవాళ్ళు రేవులో, షిప్‌యార్డులో పనికి కుదిరారు. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. తర్వాత వాళ్ళ పిల్లలు కొందరు ఆ ప్లాంటులో చేరారు.

నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇంకొకటుంది. రంగంలో మామ్మ వాళ్ళమ్మ భోగికి ముగ్గు పెట్టి, అరిసెలు వండి, పిల్లలకి పలకమీద తెలుగు అక్షరాలు దిద్దించింది. అక్కడ ఉన్నంతకాలం ఇక్కడి పద్ధతి పోనివ్వలేదు. కూతురు ఇక్కడికొచ్చి అక్కడి పద్ధతి పోనివ్వలేదు. ఊరివాళ్ళు 'బర్మావోళ్ళు' అని వేరుగా చూసినా చిన్నబుచ్చుకోకుండా, ఏప్రిల్‌లో బర్మావాళ్ళ నీళ్ళ పండగ వేళ ఇరుగుపొరుగు పిల్లల్ని పిలిచి ఈ వంటలు గిన్నెల్లో పోసి పెట్టేది. దస్తావేజుల్లో ఎక్కువగా మగవాళ్ళ పేర్లే ఉంటాయి. ఇలా పద్ధతులు నిలబెట్టిన ఆడవాళ్ళ పేర్లు కాగితాల్లో దొరకడం అరుదు.

అందుకని నీకు చెప్పేదేమిటంటే, అక్కడినుంచి తిరిగొచ్చిన పెద్దవాళ్ళని వంట అడిగే వంకతో బతుకంతా అడుగు. ఏ ఏడు వచ్చారు, ఏ ఓడలో, వెంట ఎవరు, ఏది దొరక్క ఏది వేశారు అని అడగాలి. 'మీరు చాలా కష్టపడ్డారు కదా' అని అడిగితే ఏడుస్తారు తప్ప చెప్పరు. 'అక్కడ మీ వంటింట్లో పొయ్యి ఎటు ఉండేది?' అని అడుగు, గంటసేపు చెబుతారు. ఫోనులో వాళ్ళ గొంతు రికార్డు చెయ్యి. మనం రాసుకుంటే మన మాటలే పడతాయి. పాత ఫోటోలు చూపిస్తే వెనక్కి తిప్పి కూడా చూడు, స్టూడియో ముద్ర ఉండొచ్చు.

1964లో పదేళ్ళ పిల్లలుగా ఓడ దిగినవాళ్ళకి ఇప్పుడు డెబ్భై దాటాయి. సెలవుల దాకా ఆగకు. ఈ ఆదివారమే బర్మా క్యాంపుకి వెళ్ళు, నేనూ వస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య