నడుమ చూచి మార్చుకొను పరీక్షలు
(ఔషధపరీక్షలయందు సంఖ్యాశాస్త్రము)

ఫలాని మందుచే ఒక రోగి బాగుపడెనని వినినప్పుడు మనము రెండు ప్రశ్నలు వేసికొనవలయును. మందు లేకున్నను అతడు బాగుపడియుండునా? ఒకనికి మేలుచేసినది పదిమందికిని చేయునా? ఈ ప్రశ్నలకు ఉత్తరము కనుగొను క్రమమునకే ఔషధపరీక్ష యని పేరు. అట్టి పరీక్షను నడుమ నడుమ పరిశీలించి, అవసరమైనచో దాని నడకను మార్చుకొను పద్ధతిని ఈ వ్యాసమున తెలుపనెంచితిమి. కరోనా వ్యాధి ప్రబలిన 2020, 2021 సంవత్సరములలో ఏ మందు మంచిది, ఏ టీకా మంచిది యను ప్రశ్న మన యిండ్లన్నిటిలోను వినబడినదే. కావున ఇది మనకు దూరపు సంగతి కాదు.

1. దానియేలు కోరిన గడువు

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయమును మీరు చదివియున్నారు. దానియేలును అతని ముగ్గురు స్నేహితులును రాజభోజనమును మాని, శాకధాన్యములను నీటిని మాత్రమే కోరిరి. వారిని కనిపెట్టువాడు సందేహింపగా, పది దినములు తమ్మును పరీక్షించి, పిమ్మట రాజభోజనము చేయు బాలుర ముఖములతో తమ ముఖములను పోల్చి చూడుమని దానియేలు వేడెను. ఇందు రెండు ముఖ్యాంశములు కలవు. పోల్చుటకు వేఱొక గుంపు కలదు. గడువు ముందుగనే చెప్పబడినది. మూడవ దినమున ముఖములు బాగున్నవని ఆపుటకుగాని, పదవ దినమున బాగులేనిచో ఇరువదికి పెంచుటకుగాని అందు తావులేదు.

నేటి పరీక్షలలో మూడవ అంశము చేరినది. ఎవరికి మందు, ఎవరికి మందులేని సూది యనుదానిని వైద్యుని యిష్టమునకు విడువక, చీటీలు వేసినట్లు నిర్ణయింతురు. బలముగలవారు ఒకవైపునను నీరసించినవారు మఱియొకవైపునను చేరినయెడల పోలిక చెడిపోవును.

2. వడ్లబస్తాల యుపమానము

మన సుల్తానాబాదు ప్రాంతమున వరి ముఖ్యమైన పంట గనుక ఈ యుపమానము మీకు సులభముగా తెలియును. కొనుగోలు కేంద్రమునకు నూఱు బస్తాల వడ్లు వచ్చినవనుకొనుడు. తేమ హెచ్చుగా నున్నదో లేదో చూచుటకు అన్నిటిని విప్పనక్కరలేదు. అక్కడక్కడ కొన్ని బస్తాలనుండి గుప్పెడేసి గింజలు తీసి చూచిన చాలును. మొదటి కొన్ని బస్తాలు స్పష్టముగా ఎండియున్నచో అంతటితో ఆపవచ్చును. స్పష్టముగా తడిసియున్నను ఆపవచ్చును. సందేహమున్నచో మఱికొన్నిటిని చూడవలెను.

ఈ క్రమమును గణితమున స్థిరపఱచినవాడు ఏబ్రహాము వాల్డ్ అను పండితుడు. ఆయన 1943లో అమెరికాయందు యుద్ధసామగ్రిని పరీక్షించుటకై ఈ లెక్కను కట్టి, 1947లో గ్రంథముగా ప్రకటించెను. అంతకుముందే మహలనోబిస్ పండితుడు వంగదేశమున జనపనార పంటను అంచనా వేయుటకై, మొదట చిన్న పరిశీలన జరిపి దాని ఫలమునుబట్టి పెద్దదానిని ఏర్పఱచుచుండెను. ఆ పనిని వాల్డ్ తన పద్ధతికి పూర్వరూపముగా పేర్కొనెను. ఉపన్యాసములకై మన దేశమునకు వచ్చిన వాల్డ్ 1950 డిసెంబరులో నీలగిరులయందు విమానప్రమాదమున మరణించెను. మహలనోబిస్ స్థాపించిన కలకత్తా సంస్థలో 1941లో చేరిన మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు లోకప్రసిద్ధుడై, 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానమును పొంది, ఆ యేటనే పరమపదించెను.

ఇక బస్తాల వద్ద జరుగదగిన మోస మొకటి యూహింపుడు. కొనువాడొకడు తడిబస్తా దొరకువఱకు విప్పుచునే పోయి, ఒక్కటి దొరకగానే చూచుట ఆపి, సరకంతయు తడియని ధర తగ్గించెననుకొనుడు. రైతునకు అన్యాయము గదా! చూచుట తప్పు కాదు. ఎన్నిమాఱులు చూతుమో, దేనినిబట్టి ఆపుదుమో ముందుగా చెప్పక చూచుట తప్పు.

3. చూపు పెరిగినకొలది పొరపాటు పెరుగుట

ఔషధపరీక్షలోను ఇదే చిక్కు కలదు. పనికిరాని మందును యదృచ్ఛవలన మంచిదని తలంచు ప్రమాదము నూటికి 5కు మించరాదని సాధారణముగా నియమింతురు. ఒక్కసారి చూచినచో ఈ లెక్క నిలుచును. అదే గీటురాయితో రెండుమాఱులు చూచినచో ప్రమాదము నూటికి సుమారు 8కి, అయిదుమాఱులు చూచినచో 14కు, పదిమాఱులు చూచినచో 19కి పెరుగును. మందు మారలేదు, మన ఆత్రమే పెరిగినది.

దీనికి విరుగుడుగా పోకాక్ 1977లో ఒక నియమమును, ఓబ్రియన్, ఫ్లెమింగ్ అనువారు 1979లో మఱియొక నియమమును చెప్పిరి. మూడుమాఱులు చూడదలచితిమనుకొనుడు. పోకాక్ నియమమున ప్రతి చూపునకు ఒకటే గీటు, అనగా వేయింట సుమారు 22. రెండవ నియమమున మొదటి చూపునకు పదివేలలో సుమారు 5, రెండవదానికి వేయింట 14, కడపటిదానికి వేయింట 45. మొదట మిక్కిలి గట్టి నిదర్శనము లేనిదే ఆపరాదు. తుదకు రానురాను గీటు సడలును. ఏ నియమమున జూచినను మొత్తపు ప్రమాదము నూటికి 5 దాటదు.

4. హైదరాబాదు టీకా

మన రాజధానియందలి భారత్ బయోటెక్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలితో కలిసి చేసిన కోవాగ్జిన్ టీకా ఇందుకు దగ్గఱి యుదాహరణము. 2020 జూలైలో మొదటి దశయందు 375 మందిపై మూడు విధముల కూర్పులను పరీక్షించిరి. వానిలో రెంటిని ఏఱి, సెప్టెంబరులో 380 మందికి ఇచ్చిరి. వానిలో నొకదానిని ఏఱి, నవంబరు మొదలు సుమారు 25,800 మందితో మూడవ దశను నడపిరి. ఇట్లు ఒక మెట్టుపై తెలిసినదానినిబట్టి మఱియొక మెట్టును ఎక్కిరి.

మూడవ దశలో గడువు దినములలో కాక, రోగుల లెక్కలో ఉంచబడెను. లక్షణములతో జబ్బుపడినవారు 130 మంది యగునప్పుడు తుదిలెక్క. నడుమ 43 మంది వద్దను 87 మంది వద్దను పరిశీలన. మొదటి పరిశీలన ఫలము 2021 మార్చి 3న వెల్లడియయ్యెను. 43 మందిలో 36 మంది టీకా పొందనివారు, 7గురు పొందినవారు. 36లో 29 తగ్గినవి గనుక రక్షణ 80.6 శాతము. టీకా వలన ఏమియు లాభము లేనిచో, నాణెమెగురవేసినట్లు, రెండు గుంపులకును జబ్బు సమానముగా రావలెను. అట్టియెడల ఒకవైపున 7గాని అంతకు తక్కువగాని పడుట లక్షమాఱులలో ఒక్కమాఱైనను జరుగదు. రెండవ పరిశీలనకు 87 మంది చాలునని యుండగా, ఆ వసంతమున జబ్బు ఉప్పెనవలె రాగా 127 మంది చేరిరి. ఫలము 78 శాతము. తుదిఫలము 77.8 శాతము. మొదట హెచ్చుగా కనబడిన అంకె పిమ్మట కొంత తగ్గుటను గమనింపుడు. తొలిచూపు అంకె సరిగా అంతయే నిలుచునని నమ్మరాదనుటకు ఇది నిదర్శనము.

ఇందు మఱియొక పాఠము కలదు. ఈ టీకాకు అత్యవసర వినియోగపు అనుమతి 2021 జనవరి 3న, అనగా మొదటి పరిశీలన ఫలము రాకమునుపే ఇయ్యబడెను. పలువురు శాస్త్రజ్ఞులు దీనిని ఆక్షేపించిరి. పిమ్మట ఫలము మంచిదే యయ్యెను. అయినను, తడిబస్తా కాదని తరువాత తెలియుట వేఱు, చూచి కొనుట వేఱు. ప్రజల నమ్మకము చూచి కొనినప్పుడే నిలుచును.

5. మార్చదగినవి

ముందుగా వ్రాసికొనిన నియమమునకు లోబడి ఇవి మార్చవచ్చును: పనికిరాని మందును విడుచుట, కొత్త మందును చేర్చుట, రోగుల సంఖ్యను పెంచుట, మేలుచేయుచున్న మందును హెచ్చుమందికి ఇచ్చుట. 2020లో బ్రిటనునందు ఆరంభమైన రికవరీ పరీక్షలో హైడ్రాక్సీక్లోరోక్విను జూన్ 5న విడువబడెను. చవుక మందైన డెక్సామెథసోను ప్రాణములు కాపాడునని జూన్ 16న తేలెను. కాని ప్రాణవాయువు అవసరములేని రోగులకు దానివలన మేలు కానరాలేదు. తలిదండ్రులు ఈ మాటను మఱువరాదు. పరీక్ష చెప్పినది ఎవరికో చెప్పినది గాని అందఱికిని కాదు.

మేలుచేయుదానినే హెచ్చుమందికి ఇచ్చుటలో ఒక అపాయము కలదు. 1985లో అమెరికాయందు, ఊపిరితిత్తులు పనిచేయని పసికందులకు దేహము వెలుపల యంత్రముచే రక్తమునకు ప్రాణవాయువు నందించు చికిత్సను ఇట్లే పరీక్షించిరి. యంత్రము దొరకిన 11 మందియు బ్రదికిరి. మామూలు చికిత్స దొరకినది ఒక్క శిశువునకే, అది మరణించెను. ఒక్క శిశువుతో పోల్చుట ఎట్లని పండితులు తర్కించిరి. 1996లో ప్రకటింపబడిన బ్రిటిషు పరీక్షలో యంత్రము కేటాయింపబడిన 93 మందిలో 30 మంది, మామూలు చికిత్స పొందిన 92 మందిలో 54 మంది మరణించిరి. అప్పుడు సందేహము తీరెను. ఆ పరీక్షనుగూడ పర్యవేక్షకుల సలహామీద ముందుగా ఆపిరి. నడుమ చూచు పని వైద్యునకు గాక వేఱొక సంఘమునకు అప్పగించుట అందుకే.

బాలబాలికలారా! ఆపుటలో ఆలస్యమైన రోగి నష్టపడును. ఆపుటలో ఆత్రమైన రాబోవు రోగులందఱును నష్టపడుదురు. ఈ రెండింటి నడుమ దారి చూపునది ముందు వ్రాసికొనిన మాట. మాట యిచ్చి నిలుపుకొనుట సత్ప్రవర్తనయని మేము తరగతిలో చెప్పుదుము; శాస్త్రమునకును అదియే ప్రాణము.

అభ్యాసము
(1) ఒక నాణెమును పదిమాఱు లెగురవేసి, బొమ్మలెన్నియో వ్రాయుడు. ప్రతి యెగురవేతకు పిమ్మట ఆపదలచినచో ఎచ్చట ఆపెదరు? ముందే నిర్ణయించిన ఫలముతో పోల్చుడు.
(2) టీకా పొందనివారిలో 50 మంది, సమానసంఖ్యగల పొందినవారిలో 10 మంది జబ్బుపడినచో రక్షణ ఎంత శాతము?
(3) మీ యూరిలో మంచిదని చెప్పుకొను మందొకదానిని గుఱించి, వ్యాసారంభమున చెప్పిన రెండు ప్రశ్నలను పెద్దల నడిగి ఉత్తరములు వ్రాసి తెండు.