వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు: మా నాయనమ్మ షవర్ లెక్కలు

సెకండియర్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ పరీక్ష రాసి, పాసై, మర్చిపోయిన వాళ్ళందరికీ ఈ వ్యాసం. నేనూ అలా మర్చిపోయినవాణ్ణే. గుర్తు చేసింది మా నాయనమ్మ.

కిందటేడు సంక్రాంతికి ముందు ఆవిడ బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది, వాకర్‌తో నడక మొదలైంది. కానీ వంగి బకెట్లోంచి చెంబుతో నీళ్ళు ముంచుకోవడం మాత్రం కుదరలేదు. అమ్మ పక్కన నిలబడి పోసేది. ఒకరోజు నాయనమ్మ నాతో, "ఒరే అబ్బాయ్, అంత చదువు చదువుతున్నావు గదా, తలుపేసుకుని నా స్నానం నేను చేసుకునే దారేదన్నా చూడరా" అంది. అంతే, సెలవుల్లో నా ప్రాజెక్టు అదే అయింది.

మొదటి ప్రయత్నం గురించి ముందే ఒప్పేసుకుంటాను. బజారుకెళ్ళి 8 అంగుళాల పెద్ద రెయిన్ షవర్ కొనుక్కొచ్చి, పాత పైపుకి బిగించాం. తిప్పితే వాన కాదు కదా, చూరు నీళ్ళు కారినట్టు మధ్యలోంచి నాలుగు ధారలు కారాయి. నాన్న "ట్యాంకు చిన్నది, వెయ్యి లీటర్లది వేయిద్దాం" అన్నారు. అక్కడే నాకు పుస్తకం గుర్తొచ్చింది.

1. ఫోర్స్ ట్యాంకు సైజులో లేదు, ఎత్తులో ఉంది

పీడనం అంటే సాంద్రత × గురుత్వ త్వరణం × ఎత్తు. ఇందులో లీటర్లు ఎక్కడా లేవు. 500 లీటర్ల ట్యాంకైనా, 5000 లీటర్ల ట్యాంకైనా ఒకే ఎత్తులో ఉంటే కింద వచ్చే పీడనం ఒకటే. 10 మీటర్ల నీటి ఎత్తు దాదాపు 1 బార్.

మాది ఒంగోలు దగ్గర పల్లెలో ఒక్క అంతస్తు ఇల్లు. టేపు పట్టుకుని కొలిచాను. నేల నుంచి డాబా పైభాగం 3.1 మీటర్లు, ట్యాంకు కింద ఇటుక దిమ్మెలు 0.6. అంటే ట్యాంకు అడుగు 3.7 మీటర్ల దగ్గరుంది. షవర్ తల 2 మీటర్ల దగ్గర. మిగిలింది 1.7 మీటర్లు, అంటే 0.17 బార్. ట్యాంకు నిండుగా ఉంటే ఇంకొంచెం ఎక్కువ వస్తుంది గానీ, డిజైన్ ఎప్పుడూ ట్యాంకు అడుగంటినప్పటి లెక్కతోనే చెయ్యాలి. పెద్ద రెయిన్ షవర్లకి ఇంతకంటే చాలా ఎక్కువ పీడనం కావాలి. కాబట్టి తప్పు షవర్‌ది కాదు, కొన్న నాది.

2. ఉన్న కాస్తా పైపు తినేస్తుంది

నీళ్ళు పైపులో కదిలితే రాపిడి వల్ల కొంత ఎత్తు ఖర్చయిపోతుంది. దాన్నే మనం హెడ్ లాస్ అంటాం. నిమిషానికి 8 లీటర్లు కావాలనుకుని, డార్సీ-వైస్‌బాక్ సూత్రంతో మా ఇంటి 12 మీటర్ల పైపుకి లెక్క కట్టాను.

అరంగుళం సీపీవీసీ పైపు లోపలి వ్యాసం సుమారు 12 మి.మీ. అందులో నీటి వేగం సెకనుకి 1.2 మీటర్లు. రాపిడికి పోయేది 1.9 మీటర్లు. దారిలో ఉన్న 8 ఎల్బోలకి ఇంకో 0.6. మొత్తం 2.5 మీటర్లు. మన చేతిలో ఉన్నదే 1.7! అంటే ఆ పైపులోంచి 8 లీటర్లు రావడం ఎన్నటికీ జరగని పని.

ముప్పావు అంగుళం పైపు లోపలి వ్యాసం సుమారు 18 మి.మీ. అవే 8 లీటర్లకి వేగం సెకనుకి అర మీటరే. రాపిడికి 0.28, ఎల్బోలకి 0.11. మొత్తం 0.4 మీటర్లు.

వ్యాసం ఒకటిన్నర రెట్లు పెరిగితే రాపిడి నష్టం దాదాపు ఏడో వంతుకి పడిపోయింది. వ్యాసానికి ఐదో ఘాతం అని బోర్డు మీద రాసినప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాననుకుంటా.

3. ట్యాంకు ఎక్కడ పెట్టాలి?

పైపు మారిస్తే సరిపోతుందా? సరిపోదు. నాయనమ్మ కూర్చుని స్నానం చెయ్యాలి కాబట్టి హ్యాండ్ షవర్ కావాలి. నేను తెచ్చిన హోస్‌లో నీళ్ళు పోయే దారి 8 మి.మీ.లే. నిమిషానికి 5 లీటర్లు పంపినా, ఒకటిన్నర మీటర్ల హోస్ ఒక్కటే ముప్పావు మీటరు పైగా తినేస్తుంది. దానిమీద మిక్సర్, గీజర్ వాటాలు వేరే.

రెండు దారులు కనిపించాయి. ఒకటి, ప్రెజర్ పంపు. స్విచ్ వేస్తే చాలు, ఫోర్సే ఫోర్సు. కానీ ఒంటినిండా సబ్బుతో ఉన్నప్పుడు కరెంటు పోతే? రెండోది, ట్యాంకుని మెట్ల గది స్లాబు మీదికి ఎక్కించడం. అది డాబా కంటే 2.4 మీటర్లు ఎత్తు. అప్పుడు షవర్ తల దగ్గర 4.1 మీటర్లు, కూర్చున్న మనిషి చేతి ఎత్తులో అయితే 4.9 మీటర్లు. పైపు పొడుగైనా ముప్పావు అంగుళంలో నష్టం అర మీటరు దాటదు. గురుత్వాకర్షణకి కరెంటు కోత లేదు గనక రెండో దారే ఎంచుకున్నాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. 500 లీటర్లంటే అర టన్ను బరువు. స్లాబు నడిమధ్యలో పెట్టకూడదు. బరువు కింద గోడల మీదికి దిగేలా పెట్టాలి. కట్టిన మేస్త్రీనో, సివిల్ వాళ్ళనో అడక్కుండా ఎక్కించొద్దు. ఇంకోటి, పైపు పైకి లేచి మళ్ళీ కిందికి దిగే చోట గాలి చిక్కుకుని నీళ్ళు ఆగిపోతాయి. అందుకే ట్యాంకు నుంచి దిగే లైనుకి, ట్యాంకు కంటే ఎత్తుగా ఒక గాలి గొట్టం వదిలాం.

4. నీళ్ళు తొరపడం

గంగాళంలో కాగిన నీళ్ళలో చన్నీళ్ళు పోసి, చెయ్యి పెట్టి చూసి, ఒంటికి పట్టేలా చెయ్యడాన్ని మా నాయనమ్మ 'తొరపడం' అంటుంది. మిక్సర్ చేసేది అచ్చంగా అదే పని. తేడా ఏంటంటే, నాయనమ్మ పోసుకునే ముందు చెయ్యి పెట్టి చూస్తుంది. షవర్ కింద నేరుగా ఒళ్ళే పెడతాం.

60 డిగ్రీల నీళ్ళు ఐదారు సెకన్లలోనే చర్మాన్ని తీవ్రంగా కాల్చేస్తాయి. పెద్దవాళ్ళు అంత వేగంగా తప్పుకోలేరు. పైగా చన్నీళ్ళ లైను వంటింటి కుళాయితో కలిసి ఉంటే, అమ్మ అక్కడ కుళాయి తిప్పగానే ఇక్కడ చన్నీళ్ళు తగ్గి సలసలా కాగే నీళ్ళు మీద పడతాయి. సామెతలో చెప్పిన తోడు తప్పిపోయినట్టే. అందుకే వేడి, చల్ల రెండు లైన్లూ ఒకే ట్యాంకు నుంచి, ఒకే సైజు పైపుతో, ఇంకెవరి కుళాయితోనూ కలపకుండా విడిగా తెచ్చాం.

ఉష్ణోగ్రతని తనే సరిచూసుకునే థర్మోస్టాటిక్ మిక్సర్ పెడదామనుకున్నా గానీ, వాటిలో చాలావాటికి కావలసిన కనీస పీడనం మన ట్యాంకు ఇవ్వలేదు. ఇక మిగిలింది గీజర్‌నే 50 డిగ్రీల దగ్గర ఆపడం. మరి నీళ్ళు సరిపోతాయా? లెక్క చూద్దాం. మామూలు నీళ్ళు 25 డిగ్రీలు, ఒంటికి కావలసింది 40.

గీజర్ 60 దగ్గర ఉంటే: 25 లీటర్ల వేణ్ణీళ్ళు × 35 ÷ 15 = 58 లీటర్ల గోరువెచ్చని నీళ్ళు.
గీజర్ 50 దగ్గర ఉంటే: 25 × 25 ÷ 15 = 42 లీటర్లు.

16 లీటర్లు తగ్గాయి. కానీ నిమిషానికి 5 లీటర్ల హ్యాండ్ షవర్‌కి 42 లీటర్లంటే 8 నిమిషాలు ఆగకుండా వస్తాయి. సబ్బు రాసుకునేటప్పుడు ఆపేస్తే ఇంకా మిగుల్తాయి. 2 కిలోవాట్ల గీజర్ 50 డిగ్రీలకి చేరడానికి 22 నిమిషాలు చాలు, 60కి అయితే 31. క్షేమం కోసం ఒదులుకున్నది పెద్దగా ఏమీ లేదన్నమాట. గీజర్‌కి ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నాయో లేదో మాత్రం ఎలక్ట్రీషియన్ చేత చూపించాల్సిందే.

5. నేల, గోడ, పట్టు

నిజానికి నాయనమ్మని పడేసింది పీడనం కాదు, నేల. కాబట్టి ఇది చివర్లో రాస్తున్నా, పనిలో మాత్రం ముందు రావాలి.

వాలు: అడుగుకి పావు అంగుళం. నాలుగడుగుల దూరానికి అంగుళం. తక్కువైతే నీళ్ళు నిలిచి పాచి పడుతుంది, ఎక్కువైతే వాకర్ నిలవదు. వాలు సరిగ్గా ఉంటే గడప అక్కర్లేదు, మేం తీసేశాం.

తేమ: టైల్స్ వేసే ముందు వాటర్‌ప్రూఫింగ్ పూత వేసి, జాలీ మూసి, నీళ్ళు నింపి ఒక రోజంతా ఉంచాం. మట్టం దిగలేదని, గోడ అవతల చెమ్మ లేదని చూసుకున్నాకే టైల్స్. నున్నగా మెరిసేవి వద్దు, గరుకువి కావాలి.

పట్టు: కూర్చునే బల్ల 45 సెం.మీ. ఎత్తు. పట్టుకునే కడ్డీ నేల నుంచి 85 సెం.మీ. దగ్గర, ఇటుక గోడలోకి యాంకర్ బోల్టులతో. గాలి పట్టుతో అతుక్కునే రకాన్ని ఒళ్ళు మొత్తం వేసే పనికి నమ్మొద్దు. మిక్సర్ పిడి కూర్చున్న చోటునుంచే అందాలి. దీనికి సూత్రం లేదు. నాయనమ్మని బల్ల మీద కూర్చోబెట్టి, "చెయ్యి చాపు" అని, చెయ్యి ఆగిన చోట గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాను. అన్ని కొలతల్లోకీ ఖచ్చితమైన కొలత అదే.

మాది బోరు నీళ్ళు, ఉప్పదనం ఎక్కువ. షవర్ రంధ్రాల్లో తెల్లగా సున్నం పేరుకుంటుంది. అందుకే వేలితో రుద్దితే సున్నం ఊడిపోయే సిలికాన్ రంధ్రాలున్న షవర్ తీసుకున్నాం. అప్పుడప్పుడూ నిమ్మరసం కలిపిన నీళ్ళలో నానబెడితే చాలు.

పని పూర్తయిన రోజు ముందు నేనే బకెట్ పెట్టి కొలిచాను: నిమిషానికి ఐదుంబావు లీటర్లు. తర్వాత నాయనమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది. గడియ మాత్రం వెయ్యొద్దని ముందే ఒప్పందం. అమ్మా నేనూ బయట నిలబడి నీళ్ళ చప్పుడు వింటున్నాం. చప్పుడు ఆగింది. మా ఇద్దరికీ ఊపిరాడలేదు. లోపల్నుంచి, "సబ్బు రాసుకుంటున్నా, మీ పన్లు మీరు చూసుకోండి" అని కేక. అమ్మ నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఒక్క మార్పు మాత్రం నా డ్రాయింగ్‌లో లేదు. బల్ల పక్కన అరుగు మీద ఒక చిన్న బకెట్, దాని మీద ఇత్తడి చెంబు. "షవర్ ఉందిగా" అంటే, "ఉండనీరా, చివర్న రెండు చెంబులు పోసుకోకపోతే స్నానమైనట్టే ఉండదు" అంది. ఆవిడ కోరిన అరుగు ఎత్తు కొలుచుకుని, డ్రాయింగ్‌లో చేర్చాను.

మీకు చిన్న అభ్యాసం: ఈ వారం మీ హాస్టల్లో షవర్ కింద బకెట్ పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్‌తో నిమిషానికి ఎన్ని లీటర్లో కొలవండి. ట్యాంకు ఎత్తు, పైపు సైజు కనుక్కుని లెక్క కట్టండి. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఇంకో పని కూడా చెయ్యండి. మీ బాత్‌రూమ్ గుమ్మంలో నిలబడి, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు ఇక్కడ కాలు జారితే చేతికి ఏం దొరుకుతుందో చూడండి. ఏమీ దొరక్కపోతే, మీ డిజైన్ అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.