రిప్లై, ఆన్సర్: రెండును ఒకటియేనా?

పై కార్యాలయముల తాఖీదులలో ‘రిప్లై’ అను మాటయు, పిల్లల పరీక్షలలో ‘ఆన్సర్’ అను మాటయు మన గ్రామములకు క్రొత్తవి కావు. రెంటిని మనము జవాబనియే చెప్పుకొందుము. ఇంగ్లీషువారు వాడుకలో ఒకదానికి బదులు మరొకటి పలుకుచున్నను, రెంటి నడుమ కొంత యెడము పాటింతురు. ఆ యెడము పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినదని మా యభిప్రాయము.

‘రిప్లై’ లాటిను నుండి ఫ్రెంచి మీదుగా వచ్చినది. వెనుకకు మడచుట యని మూలార్థము. ఒకరు పలికినపుడు తిరిగి పలుకుట, వ్రాసినపుడు తిరిగి వ్రాయుట రిప్లై. ‘ఆన్సర్’ ప్రాచీన ఇంగ్లీషు మాట. ‘ఎదురు’, ‘ప్రమాణము’ అను రెండు పదములు దానిలో కలిసియున్నవి. తనపై మోపిన నిందకు ప్రమాణపూర్వకముగ ఎదురు చెప్పుకొనుట దాని తొలి యర్థము. నేడు ప్రశ్నను తీర్చునది, చిక్కును విప్పునది ఆన్సర్. లెక్కకు ఆన్సర్ ఉండును గాని రిప్లై యుండదు. ‘ఆన్సరబుల్’ అను మాటయు దీనినుండియే పుట్టినది. మన ‘జవాబుదారి’ అచ్చముగ దానికి సరిజోడు.

ఒక రైతు “నిరుడు వీథి దీపములకు పంచాయతీ యెంత వెచ్చించినది?” అని అర్జీ పెట్టుకొనెననుకొందము. “మీ అర్జీ అందినది, పరిశీలనలో నున్నది” అని వ్రాసి పంపితిమి. రిప్లై వెళ్లినది, ఆన్సర్ వెళ్లలేదు. డిస్పాచి రిజిష్టరులో తేదీ పడినది గనుక పని తీరినదని మనము తలంతుము. రైతు చేతి కాగితములో మాత్రము రూపాయల సంఖ్య లేదు. ఇట్టి కాగితముల నకళ్లు మన బీరువాలలో నెన్ని యున్నవో!

2005 నాటి సమాచార హక్కు చట్టము ఇంగ్లీషు మాటల జోలికి పోకయే ఈ భేదమును పాటించినది. సాధారణముగ అర్జీ అందిన 30 దినములలో సమాచారము నీయవలెను. లేదా నిరాకరణకు కారణమును, ఎవరికి ఎంత గడువులో అప్పీలు చేసికొనవచ్చునో ఆ వివరమును వ్రాసి తెలుపవలెను. అందినదను చీటి ఈ రెంటిలో ఏదియు కాదు. గడువులోపల నిర్ణయము తెలుపనిచో నిరాకరించినట్లే యెంచబడును. సరియైన కారణము లేని జాప్యమునకు సమాచార అధికారిపై దినమునకు 250 రూపాయల వంతున, 25,000 రూపాయలకు మించకుండ జరిమానా పడును. ఎందుల కడుగుచున్నావని రైతును ప్రశ్నించుటకును వీలులేదు.

ఆ రైతునకు పెద్ద లేఖ యక్కరలేదు. పద్దు పుస్తకము తెరచి, బల్బులకింత, కరెంటు బిల్లుకింత, కూలికింత యని మూడు పంక్తులు వ్రాసిన చాలును. ఏదేని బిల్లు వెదకియు దొరకనిచో, ఫలానా బిల్లు దొరకలేదని వ్రాయుటయు ఆన్సరే.