ట్రాక్ మన కోసం ఆగదు

పగలంతా అమీర్‌పేటలో కోచింగో ఉద్యోగమో చూసుకుని, శనివారం రాత్రి పంజాగుట్ట హోటల్లోనో ఏదో ఫంక్షన్ హాల్లోనో ఒంటరిగా మైకు పట్టేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. ఆర్కెస్ట్రాకు ఇచ్చేంత డబ్బు లేని పార్టీ ట్రాక్ మీద పాడమంటుంది. మీరు అందుకోవడం ఆలస్యమైతే తబలా ఆయన ఇంకో ఆవర్తనం తిప్పి కాపాడతాడు. ట్రాక్ కాపాడదు. ఆ జాగ్రత్తంతా ఇంటి దగ్గరే పడాలి.

అన్నిటికంటే ముందు శ్రుతి. సినిమాలో ఏ శ్రుతిలో ఉంటే అందులోనే పాడాలన్న పట్టుదల వద్దు. చరణంలో పైస్థాయి ఎక్కడ తగులుతుందో చూసి, రెండు గంటలు పాడి అలసిన గొంతుకు కూడా అది అందుతుందా అని తేల్చుకోండి. సాఫ్ట్‌వేర్‌తో అర శ్రుతి, ఒక శ్రుతి దించితే పెద్దగా తేడా తెలియదు. అంతకు మించితే తబలా నీరసపడుతుంది, తీగవాద్యాలు వణుకుతాయి. అప్పుడు కీబోర్డు ఆర్టిస్టుతో మీ శ్రుతిలోనే కొత్తగా చేయించుకోవడం మేలు. కృష్ణానగర్ పక్కనే ఉంది, అలాంటివాళ్లకు కొదవలేదు.

పాటలోంచి గొంతు తీసేసే యాప్‌లు సాధనకు బాగుంటాయి. పెద్ద స్పీకర్లలో మాత్రం అసలు గాయకుడు వెనక నుంచి గుసగుసలాడుతూనే ఉంటాడు. కరోకేల్లో వరస వెంటే నడిచే ఫ్లూటు ఉంటే అదీ తీయించండి, మీ గమకానికీ దానికీ పడదు.

సాకీతో మొదలయ్యే పాటలకు ముందు కాస్త షడ్జమం, తర్వాత నాలుగు దెబ్బల లెక్క కావాలి. ఆ లెక్క జనానికి వినపడకూడదు. ఫైలులో ఎడమవైపు సంగీతం ఒక్కటే, కుడివైపు సంగీతంతో పాటు లెక్క పెట్టించి, ఎడమది మిక్సర్‌కు, కుడిది మీ చెవికి పంపండి. స్టీరియో పోతుందని బెంగ అక్కర్లేదు, చాలా హాళ్లలో ఎలాగూ మోనోయే. కేబుళ్లకు రంగు టేపు చుట్టండి. తారుమారైతే పెళ్లివాళ్లంతా టిక్‌టిక్ వింటారు.

ప్రతి పాటకూ రెండు ఫైళ్లు ఉండాలి: పూర్తిది ఒకటి, పల్లవీ ఒక చరణంతో ముగిసేది ఒకటి. అన్నిటి వాల్యూమ్ ఒకే మట్టంలో ఉండాలి. పాత పాట గొణుగుతూ, కొత్త పాట దద్దరిల్లుతూ ఉంటే సౌండ్ ఆయనకు మీ మీద గౌరవం పోతుంది. ఫోన్ అయితే ఎయిర్‌ప్లేన్ మోడ్, జేబులో పెన్‌డ్రైవ్. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే గుయ్‌మంటే డీఐ బాక్స్ అడగండి.

హక్కుల సంగతీ చూడాలి. 2017లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా తరఫు నుంచి నోటీసు వెళ్లింది. అంతటివారికే తప్పలేదు. 1957 కాపీరైట్ చట్టం పెళ్లి వేడుకలకు మినహాయింపు ఇచ్చింది కానీ, హోటల్ వారాంతపు కార్యక్రమానికి ఇవ్వలేదు. ఐపీఆర్‌ఎస్ లైసెన్సు ఉందా అని మేనేజర్‌ను ముందే అడగండి. ఆరుబయట లాన్ అయితే రాత్రి 10కి లౌడ్‌స్పీకర్ ఆపాలి. జనం పట్టుబట్టి అడిగే పాటను తొమ్మిదిన్నర లోపే పాడేయండి.