ఐదు వేలు కడితే ఇంటర్న్‌షిప్పా?

ప్రశ్న: రాజాంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో ఏడాది చదువుతున్నాను. ఎన్ని దరఖాస్తులు పెట్టినా జవాబు లేదు. ఐదు వేలు కడితే ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ ఇస్తామంటున్నారు. కట్టమంటారా?
– ఒక విద్యార్థిని

జవాబు: కట్టొద్దమ్మా. పని చేయించుకునేవాళ్లు మీకివ్వాలి గాని, మీ దగ్గర తీసుకోవడమేమిటి? ఆ డబ్బుకి వచ్చేది ఒక పీడీఎఫ్ సర్టిఫికెట్. ‘ఇందులో మీరు రాసిన కోడ్ ఏది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చూపిస్తారు?

జవాబు రాకపోవడానికి మీ ఊరు కారణం కాదు. లైబ్రరీ మేనేజ్‌మెంట్ లాంటి ప్రాజెక్టు అందరి రెజ్యూమేలోనూ ఉంటుంది, అందుకే ఎవరి కంటా పడదు. మీరు రాజాం నుంచి పాలకొండ, చీపురుపల్లి, బొబ్బిలి బస్సుల వేళలు చూపే చిన్న యాప్ చేయండి. ఆర్టీసీ కాంప్లెక్సులో అడిగి వేళలు రాసుకోండి. సిగ్నల్ లేనప్పుడూ తెరుచుకోవాలి, బస్సు వేళ మారితే పాతది చూపించకూడదు. ఈ రెండూ కుదర్చడంలోనే అసలు ఇంజినీరింగ్ ఉంది. ఎలా కుదిర్చారో గిట్‌హబ్‌లో రాసిపెట్టండి.

ఏఐసీటీఈ ఇంటర్న్‌షిప్ పోర్టల్ చూడండి. విశాఖలో పనిచేస్తున్న మీ సీనియర్లకి మీ గిట్‌హబ్ లింకు పంపండి. గూగుల్ 2005 నుంచి నడుపుతున్న సమ్మర్ ఆఫ్ కోడ్‌కి ఓపెన్ సోర్స్‌లో కొత్తవారై, 18 నిండితే దరఖాస్తు చేయొచ్చు. ఇంటి నుంచే పని, స్టైపెండూ ఉంటుంది. పోటీ మాత్రం గట్టిదే.

ఇంటర్న్‌షిప్‌లో చేరాక మొదట్లో రాయడం తక్కువ, పాత కోడ్ చదవడం ఎక్కువ. మీ పుల్ రిక్వెస్ట్ కింద బోలెడు వ్యాఖ్యలు వస్తే చిన్నబుచ్చుకోకండి. గంటసేపు తంటాలు పడ్డా తేలకపోతే అడిగేయండి. మన వైపు పిల్లలు మొహమాటంతో రోజంతా అలాగే కూర్చుండిపోతారు. ముందు ఆ బస్సుల యాప్ మొదలుపెట్టండి.